గాజు కింద ఉండేలు

ఎర్రపిట్ట మీద వేలు పెట్టి వెనక్కి లాగండి. రబ్బరు సాగుతుంది. వేలు తీయగానే పిట్ట గాల్లోకి లేచి, వంపు తిరిగి, అవతల చెక్కలూ రాళ్లూ పేర్చిన కోట మీద పడుతుంది. కోట కూలుతుంది, పచ్చ పందులు దొర్లిపోతాయి. కొత్త ట్యాబ్ ఇంటికొచ్చిన రోజు పిల్లలు మొట్టమొదట తెరిచేది ఇలాంటి ఆటే. పెద్దవాళ్లు పాఠాల యాప్ ఎక్కడుందో వెతికేలోపు వాళ్లు మూడో లెవెల్ దాటేస్తారు.

ఈ విషయంలో నేను పిల్లల పక్షమే. ట్యాబ్ అంటే ఏమిటో తెలియాలంటే దాని మీద ఆట ఆడి చూడాలి. సినిమా చూసేటప్పుడు ఆ యంత్రం ముందే నింపిపెట్టిన బొమ్మల్ని వరసగా చూపిస్తుంది, అంతే. ఉత్తరం టైపు చేసేటప్పుడు ఎక్కువసేపు ఊరికే కూర్చుంటుంది. ఆటలో మాత్రం గాజు, దాని కింది తీగలు, ప్రాసెసర్, బొమ్మలు గీసే చిప్, స్క్రీన్, బ్యాటరీ అన్నీ ఒకేసారి, క్షణం తేడా రాకుండా పనిచేయాలి. ఏ ఒక్కటి వెనకబడినా ఆడేవాడి వేలికి వెంటనే తెలిసిపోతుంది. అందుకే ఆ ఉండేలును ఒక్కసారి లాగి వదిలినప్పుడు లోపల ఏమేం జరుగుతుందో మొదటి నుంచీ చూద్దాం.

అంతకుముందు ఒక సంగతి చెప్పాలి. ట్యాబ్ అనే వస్తువు తయారు కాకముందే దాన్ని ఊహించినవాడు కూడా పిల్లల చేతిలో, ఆటతోనే ఊహించాడు. 1972లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న అలన్ కే ఒక పత్రం రాశాడు. నోటు పుస్తకమంత ఉండే కంప్యూటరు కావాలనీ, రెండు కిలోలకు లోపే ఉండాలనీ, 500 డాలర్లకు దొరకాలనీ అందులో ఆశించాడు. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. ఆ పత్రం మొదలయ్యేది లెక్కలతోనూ కాదు, సర్క్యూట్లతోనూ కాదు. పార్కులో పచ్చిక మీద పడుకుని ఇద్దరు తొమ్మిదేళ్ల పిల్లలు తమ డైనాబుక్‌లను ఒకదానికొకటి కలుపుకుని స్పేస్‌వార్ ఆడుతుంటారు. ఆటలో సూర్యుడి ఆకర్షణ మాటేమిటన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న వాళ్లను టీచరు దగ్గరికీ, గతిశాస్త్రం లోకీ తీసుకెళుతుంది. స్పేస్‌వార్ కల్పన కాదు, 1962లో ఎమ్‌ఐటీ విద్యార్థులు గదిలో పెద్ద బీరువాల్లా ఉండే పీడీపీ-1 కంప్యూటరు మీద తయారుచేసిన నిజమైన ఆట. కే దాన్ని పిల్లల ఒళ్లోకి తెచ్చాడు, కాగితం మీదైనా సరే.

ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత, 2010 ఏప్రిల్లో, ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను అమ్మకానికి పెట్టినప్పుడు అందులో చౌక మోడల్ ధర 499 డాలర్లు. డాలరు విలువ మారిపోయింది కనుక ఆ అంకె కలవడం కాకతాళీయమే. కానీ ఆట ముందు, దాని వెనక ప్రశ్న, ప్రశ్న వెనక శాస్త్రం అనే క్రమం మాత్రం కే ఊహలో ఉన్నట్టే ఇవాళా పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

ఇక వేలు గాజు మీద పెడదాం.

ఆ గాజు అడుగున కంటికి కనబడని గీతలున్నాయి. కొన్ని నిలువు, కొన్ని అడ్డం, రెండింటి మధ్యా విద్యుత్తు దాటకుండా పల్చటి పొర. నేతగాడి మగ్గం మీద పడుగూ పేకా ఉన్నట్టే, ఒకదాని మీదుగా ఒకటి వెళుతుంటాయి గానీ తాకవు. చాలా ట్యాబుల్లో ఈ గీతలను ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పదార్థంతో వేస్తారు. విద్యుత్తును మోసే పదార్థాల్లో ఎక్కువ భాగం, అంటే లోహాలు, కాంతిని అడ్డుకుంటాయి. కాంతిని పోనిచ్చే గాజు లాంటివి విద్యుత్తును అడ్డుకుంటాయి. రెంటినీ పోనిచ్చే అరుదైన పదార్థం ఇది. ఇందులోని ఇండియాన్ని 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఫెర్డినాండ్ రైష్, థియోడర్ రిక్టర్ కనిపెట్టారు. జింకు ఖనిజాన్ని మండించి చూస్తే వర్ణపటంలో అంతకుముందు ఎవరికీ తెలియని ముదురు నీలిగీత ఒకటి కనబడింది. రైష్‌కు రంగులు తెలిసేవి కావు, అందుకే ఆ గీతను చూసే పని రిక్టర్‌ది. ఈనాటికీ ఇండియం ఎక్కువగా జింకు తీసేటప్పుడు పక్కన దొరికేదే. ఇప్పటి స్క్రీన్లలో చాలావాటికి అదే కావాలి.

నిలువు గీతా అడ్డగీతా దాటే ప్రతి చోటా ఒక చిన్న కెపాసిటర్ తయారవుతుంది. అంటే ఒక గీతకు విద్యుత్తు ఇస్తే, తాకకుండానే, మధ్యనున్న విద్యుత్ క్షేత్రం ద్వారా రెండో గీతలో దాని జాడ తెలుస్తుంది. ఆ జాడ ఎంత చిన్నదో చెప్పడానికి వాడే కొలత పికోఫారడ్. ఫారడ్‌లో లక్ష కోట్లో వంతు. మన ఒళ్లంతా ఉప్పునీరు, విద్యుత్తుకు మంచి వాహకం. వేలు గాజు మీదికి రాగానే గీతల మధ్య వ్యాపించిన క్షేత్రంలో కొంత భాగం వేలిలోకి మళ్లుతుంది. రెండో గీతకు అందే జాడ కాస్త తగ్గుతుంది. తగ్గేది పికోఫారడ్‌లో చిన్న భాగమే. ట్యాబ్‌లోని టచ్ చిప్ ఒక్కో అడ్డగీతకూ వరసగా విద్యుత్ తరంగాన్ని పంపుతూ, నిలువు గీతలన్నిటిలో ఎక్కడ జాడ తగ్గిందో చూస్తుంది. ఈ పని సెకనుకు అరవై సార్లో, నూట ఇరవై సార్లో, కొన్నిటిలో ఇంకా ఎక్కువసార్లో చేస్తుంది. మనం నొక్కడం దానికి అవసరం లేదు. తాకడమంటే దాని లెక్కలో జాడ తగ్గడమే.

ఇక్కడ నాకు బాగా నచ్చే చిన్న లెక్క ఒకటుంది. గీతలు నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. మరి వేలు మిల్లీమీటరు కన్నా తక్కువ జరిగినా పిట్ట ఎలా జరుగుతుంది? వేలి కొస మెత్తనిది, వెడల్పైనది. ఒకేసారి మూడు నాలుగు గీతల మీద పడుతుంది. 5, 10, 15 మిల్లీమీటర్ల దగ్గరున్న మూడు గీతల మీద జాడ 20, 60, 40 చొప్పున తగ్గిందనుకుందాం. ఒక్కో స్థానాన్ని దాని తగ్గుదలతో హెచ్చవేసి కూడి, మొత్తం 120తో భాగిస్తే 10.83 మిల్లీమీటర్లు వస్తుంది. వేలి నడుమ అక్కడుంది, ఏ గీతా లేని చోట. హైస్కూల్లో నేర్చుకునే భారిత సగటే ఇది. వేలు సూదిమొనలా సన్నగా ఉండి ఉంటే ఈ లెక్క కుదిరేది కాదు. వేలి వెడల్పే ఇక్కడ ఉపయోగపడింది.

వంటింట్లో ఉన్నవాటితోనే ఇదంతా పరీక్షించుకోవచ్చు. గోటితో తాకితే ట్యాబ్ పలకదు, గోరు విద్యుత్తును మోయదు కనుక. ప్లాస్టిక్ పెన్నుకూ పలకదు. తొక్క తీయని అరటిపండును చేత్తో పట్టుకుని దాని కొసతో తాకండి, పలుకుతుంది. పండులో నీరుంది, లవణాలున్నాయి, అది మన ఒంటికి కొనసాగింపుగా మారింది. స్క్రీన్ మీద నీటి చుక్క పడితే అదీ క్షేత్రాన్ని కదిలిస్తుంది, లేని వేలు ఉన్నట్టు ట్యాబ్ పొరబడుతుంది. చార్జింగ్‌లో పెట్టి ఆడుతుంటే పిట్ట దానంతటదే గెంతడం, టచ్ వేలు పెట్టిన చోట కాకుండా పక్కన పడడం కొందరు చూసే ఉంటారు. చౌక చార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ రొద వేలి ద్వారా తీగల్లోకి చేరి, పికోఫారడ్ల లెక్కను చెడగొట్టడమే చాలాసార్లు దానికి కారణం. చార్జర్ తీసేస్తే సర్దుకుంటే, తప్పు ట్యాబ్‌ది కాదని తెలుస్తుంది.

ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నవాళ్లు ఇంకొంచెం దగ్గరగా చూడొచ్చు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ అన్నచోట ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ అనే పట్టిక తెరుచుకుంటుంది. అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేయండి. ఇక వేలు పెట్టిన చోటల్లా నిలువుగా ఒకటీ అడ్డంగా ఒకటీ గీత దాటుకుంటాయి. పైన వేలి స్థానం అంకెల్లో, పక్కనే వేగం, ఎన్ని వేళ్లు ఉన్నాయో ఆ లెక్క. వేలు జరిపితే వెనక గీత మిగులుతుంది, దాని మీద చుక్కలుంటాయి. ఒక్కో చుక్కా ట్యాబ్ వేలిని చూసిన ఒక్కో క్షణం. నెమ్మదిగా జరిపితే చుక్కలు దగ్గర దగ్గరగా, విసురుగా జరిపితే దూరదూరంగా పడతాయి. మా అన్నయ్య కూతురికి ఇది చూపిస్తే ఆట పక్కన పెట్టి పది వేళ్లూ స్క్రీన్ మీద ఆనించి, ఒక్కొక్కటే తీస్తూ అంకె తగ్గడం చూసింది. ట్యాబ్ మనల్ని నిరంతరంగా చూడడం లేదు, విడివిడి క్షణాల్లో చూస్తోంది. ఇదొక్కటి పట్టుబడితే తర్వాత సంగతులన్నీ సులువు.

వేలితో తెరను తాకి పని చేయించడం ఐఫోన్‌తో మొదలు కాలేదు. 1965లో ఇంగ్లండ్‌లోని మాల్వర్న్ రాడార్ పరిశోధన కేంద్రంలో ఇ.ఎ. జాన్సన్ దీన్ని విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్ల కోసం వర్ణించాడు. 1970ల మొదట్లో జెనీవా దగ్గరి సెర్న్‌లో బెంట్ స్టంప్, ఫ్రాంక్ బెక్ భారీ కణ త్వరణ యంత్రాన్ని నడిపే గది కోసం గాజు మీద కెపాసిటర్లు వేసి టచ్ స్క్రీన్ తయారుచేశారు. వేల మీటలూ బొత్తాలూ ఉండాల్సిన చోట ఒక్క తెర చాలని వాళ్ల ఆలోచన.

మన దగ్గరికొస్తే, తాకితే చాలనే తెరకూ నొక్కితేనే పలికే తెరకూ ఉన్న తేడాను విద్యార్థులకు పరిచయం చేసిన పేరు ఆకాశ్. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో విడుదల చేసిన ఈ ట్యాబ్‌ను డేటావిండ్ సంస్థ సరఫరా చేసింది. బిగింపు జరిగింది మన హైదరాబాద్‌లో. ప్రభుత్వానికి పడిన ధర 2,276 రూపాయలు. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్. ఆ ధరకు ఒక కంప్యూటరు ఇవ్వాలనుకోవడమే గొప్ప సాహసం, ఆ సాహసాన్ని నేనిప్పటికీ గౌరవిస్తాను. కానీ ధర కోసం వదులుకున్నవాటిలో తెర ఒకటి. అది రెసిస్టివ్ తెర. పైన వంగే ప్లాస్టిక్ పొర, కింద గాజు, మధ్యలో సన్నటి సందు. గట్టిగా నొక్కితే రెండు పొరలూ తాకి, తాకిన చోటును బట్టి వోల్టేజీ మారుతుంది. గోటితోనైనా పుల్లతోనైనా పనిచేస్తుంది. అది దాని సుగుణం. కానీ ఉండేలు లాంటిది లాగాలంటే లాగినంతసేపూ ఒకే ఒత్తిడితో నొక్కిపట్టాలి. వేలు కాస్త తేలిపోతే ట్యాబ్ దృష్టిలో వేలు లేచిపోయినట్టే, పిట్ట అరకొర దూరంలో పడిపోతుంది. రెండు వేళ్లను వేరువేరుగా గుర్తించడం కూడా అలాంటి మామూలు తెర వల్ల కాదు. ఏడాది దాటాక, 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో కెపాసిటివ్ తెర పెట్టారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపి ట్యాబులు పంచేనాటికి తెర నొక్కడం అనే మాటే పిల్లలకు కొత్త.

వేలు ఎక్కడుందో తెలిసింది. ఇప్పుడు అసలు పందెం కాలంతో.

బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త అల్బేర్ మిషోట్ 1946లో అచ్చయిన తన పుస్తకంలో కొన్ని సరళమైన ప్రయోగాలు వివరించాడు. ఒక చతురస్రం కదిలి వచ్చి రెండోదాన్ని తాకి ఆగుతుంది, వెంటనే రెండోది కదులుతుంది. నిజానికి అవి రెండు బొమ్మలే, ఒకదాని బలం రెండోదానికి చేరేదేమీ లేదు. అయినా చూసేవాళ్లకు మొదటిది రెండోదాన్ని గుద్ది తోసినట్టే కనబడుతుంది. ఆలోచించి అలా అనుకోవడం కాదు, కంటికే అలా కనబడుతుంది. తాకడానికీ కదలడానికీ మధ్య విరామం పెంచుతూ పోతే, సెకనులో పదో వంతు దాటి ఇంకాస్త పోయేసరికి ఆ బంధం తెగిపోతుంది. రెండు వేర్వేరు కదలికలు మాత్రమే మిగులుతాయి.

ట్యాబ్ ఆటలో ఉత్సాహమంతా ఈ సన్నటి కాలపు సందులోనే ఉందని నా అభిప్రాయం. వేలు లాగింది, రబ్బరు సాగింది. మధ్యలో ఆలస్యం తెలియనంతవరకూ నేనే లాగానని చెయ్యి నమ్ముతుంది. తెలిస్తే అదొక యంత్రం, నేనొక ఆజ్ఞ ఇస్తున్నాను, అది వింటోంది. బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఆ నమ్మకం పోతే ఆట చప్పగా ఉంటుంది.

ఆ ఆలస్యం ఎంతుండేది? 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో పాల్ డీట్జ్ ఒక ప్రదర్శన ఇచ్చాడు. అప్పటి టచ్ పరికరాల్లో వేలికీ బొమ్మకూ మధ్య ఆలస్యం దాదాపు 100 మిల్లీసెకన్లు. వేలు సెకనుకు పది సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటే, బొమ్మ ఒక సెంటీమీటరు వెనక ఉంటుంది. తన ప్రయోగశాల యంత్రంలో దాన్ని ఒక్క మిల్లీసెకనుకు దించి చూపించాడు. అప్పుడు వెనకబాటు సెంటీమీటరులో వందో వంతు. బొమ్మ వేలికి అతుక్కున్నట్టే ఉంటుంది. అమ్మకానికి వచ్చే ట్యాబులు అంతదూరం పోలేదు గానీ ఉన్న ఆలస్యాన్ని అన్ని వైపుల నుంచీ గీకుతూ వచ్చాయి. అదే ఏడాది గూగుల్ ఆండ్రాయిడ్ 4.1లో స్క్రీన్ కొత్త బొమ్మ వేసే క్షణానికీ మిగతా పనులకూ తాళం కుదిర్చింది. వేలు తగలగానే ప్రాసెసర్ వేగం పెరిగేలా చేసింది. ఇంకో యుక్తి కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. వేలు ఇప్పటిదాకా వచ్చిన దారిని బట్టి, బొమ్మ తెర మీదికి చేరే క్షణానికి వేలు ఎక్కడుంటుందో ట్యాబ్ ముందే అంచనా వేస్తుంది, అక్కడే బొమ్మ గీస్తుంది. మీరు చూస్తున్నది మీ వేలు ఉన్న చోటు కాదు, ఉండబోయే చోటు.

వేలు తీశాం, పిట్ట ఎగిరింది. ఇక్కడి నుంచి పని న్యూటన్‌ది.

ఇంటర్మీడియట్‌లో ప్రక్షేపకాల పాఠం చదివినవాళ్లకు పిట్ట దారి పరావలయమని తెలుసు, దానికి సూత్రాలున్నాయి. ఆట ఆ సూత్రాలు వాడదు. దారిలో ఎప్పుడు ఏ చెక్క అడ్డొస్తుందో ముందే తెలియదు కదా. అందుకని కాలాన్ని సెకనులో అరవయ్యో వంతు చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో, అంటే ఒక్కో అడుగులో, రెండే పనులు చేస్తుంది. మొదట వేగాన్ని మార్చు, తర్వాత ఆ కొత్త వేగంతో స్థానాన్ని మార్చు. గురుత్వ త్వరణం 9.8ని అరవైతో భాగిస్తే ఒక్కో అడుగుకు సెకనుకు 0.163 మీటర్ల వేగం తగ్గాలి. సెకనుకు 6 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి లేచిన పిట్ట ఇలా 36 అడుగులు పైకి పోయి, ముప్ఫై ఏడో అడుగు నుంచి కిందికి తిరుగుతుంది. పాఠ్యపుస్తకం సూత్రంతో అది ఎక్కాల్సిన ఎత్తు 1.84 మీటర్లు. ఆట అడుగులన్నీ కూడితే 1.79. అయిదు సెంటీమీటర్ల తేడా. ప్రతిసారీ అదే తేడా వస్తుంది కనుక ఆడే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది, ఎవరికీ పట్టదు.

పట్టేది ఆ రెండు పనుల క్రమం. ముందు పాత వేగంతో స్థానం మార్చి, తర్వాత వేగం మార్చారనుకోండి. పిట్ట విషయంలో పెద్ద నష్టం లేదు. కానీ స్ప్రింగు లాంటిది ఊగుతుంటే, ఆ క్రమంలో ప్రతి ఊపుకూ లేని శక్తి కొంచెం కొంచెం వచ్చి చేరుతుంది. ఊపు పెరిగి పెరిగి కాసేపటికి అంతా చెల్లాచెదురవుతుంది. రెండు వాక్యాలు తారుమారు చేసినందుకు శక్తి నిత్యత్వ నియమమే చెడిపోతుంది. గతిశాస్త్రం నేర్చుకునే పిల్లలకు దీనికన్నా మంచి పాఠం నాకు తోచడం లేదు, ప్రోగ్రామింగ్ కొద్దిగా వస్తే సాయంత్రంలోగా చేసి చూడొచ్చు.

యాంగ్రీ బర్డ్స్‌ను ఫిన్లండ్‌కు చెందిన రోవియో 2009 డిసెంబరులో ఐఫోన్ మీద విడుదల చేసింది. ఐప్యాడ్ పెద్ద తెర వచ్చాక దానికి ఇల్లు దొరికినట్టయింది. అందులో భౌతికశాస్త్రం చూసుకునేది బాక్స్2డీ అనే ప్రోగ్రామ్. ఎరిన్ కాటో 2006లో ఒక ఆటల తయారీదారుల సమావేశంలో పాఠం చెప్పడానికి రాసుకున్న చిన్న నమూనా నుంచి అది పెరిగింది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని వదిలేశాడు. 2011లో అదే సమావేశంలో రోవియో ప్రతినిధిని మీ ఆటలో ఏ ఫిజిక్స్ ఇంజన్ వాడారని సభ లోంచి అడిగింది ఆయనే. బాక్స్2డీ అని జవాబు రాగానే, అది రాసింది నేనేనని చెప్పాడు.

కోట కూలడం పిట్ట ఎగరడం కన్నా చాలా కష్టం. పది చెక్కలు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు కిందిది కదిలితే పైవన్నీ కదలాలి, పైవాటి బరువు మళ్లీ కిందిదాన్ని నొక్కాలి. అన్నిటికీ ఒకేసారి జవాబు కట్టే తీరిక ఉండదు. అందుకని తాకుతున్న ఒక్కో జతనూ విడివిడిగా సరిచేస్తారు. ఒకటి సరిచేస్తే పక్కది కాస్త చెడుతుంది, మళ్లీ మొదటి నుంచి వస్తారు. ఇలా కొన్నిసార్లు తిరిగేసరికి మొత్తం కోట దాదాపు సరైన చోట నిలబడుతుంది. ఇంకో చిక్కు, విడివిడి క్షణాల వల్లే వచ్చేది. సెకనుకు 30 మీటర్ల వేగంతో పోయే చిన్న వస్తువు ఒక అడుగులో అర మీటరు దూకుతుంది. ఈ క్షణం గోడకు ఇవతల, మరుక్షణం గోడకు అవతల, గోడను తాకిన క్షణమే లేదు. అలాంటి వస్తువులకు ఆ రెండు క్షణాల మధ్య దారిని విడిగా లెక్కగట్టి ఎక్కడ తగులుతుందో చూడాలి. బాక్స్2డీలో వాటికి బుల్లెట్ అనే గుర్తు పెడతారు. కదలకుండా కుదురుకున్న వస్తువుల్ని అది నిద్రపుచ్చుతుంది, ఏదైనా వచ్చి తగిలేదాకా వాటికి లెక్కలుండవు. బ్యాటరీకి ఆ మేరకు ఊరట.

బ్యాటరీ మాట వచ్చింది కనుక, ఆడుతుంటే ట్యాబ్ ఎందుకు వేడెక్కుతుంది? 2012లో వచ్చిన మూడో ఐప్యాడ్ తెర మీద 31,45,728 చుక్కలున్నాయి. సెకనుకు అరవై బొమ్మలంటే దాదాపు 18 కోట్ల 87 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించాలి. పొగా నీడా ఒకదాని మీద ఒకటి పడేచోట ఒక్కో చుక్కకూ రెండు మూడుసార్లు. చిప్ ఖర్చు చేసే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వేగం పెంచడానికి వోల్టేజీ కూడా పెంచాలి, వోల్టేజీ వర్గంతో ఖర్చు పెరుగుతుంది. అందుకే వేగం కాస్త పెంచినా వేడి చాలా పెరుగుతుంది. ట్యాబ్‌లో ఫ్యాన్ ఉండదు, వేడంతా వెనక రేకు ద్వారానే పోవాలి. ఐప్యాడ్‌ను చుట్టూ 35 డిగ్రీల లోపు వేడి ఉన్నచోట వాడమని తయారీదారు చెబుతాడు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గది వేడి ఆ గీత దాటడం మనకు మామూలే. అప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. ట్యాబ్ పాతబడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. పరుపు మీద పెట్టకండి, కవరు తీసేయండి, ఫ్యాను కింద కూర్చోండి.

ట్యాబ్‌నే స్టీరింగ్‌లా తిప్పి ఆడే కారు ఆటల్లోనూ కెపాసిటరే పనిచేస్తుందని చాలామందికి తెలియదు. సిలికాన్‌లో చెక్కిన అతి చిన్న బరువు, దానికి సన్నటి సిలికాన్ స్ప్రింగులు, పక్కన దువ్వెన పళ్లలాంటి పలకలు. ట్యాబ్ వంచితే బరువు ఒక పక్కకు ఒరుగుతుంది, పలకల మధ్య సందు మారుతుంది, కెపాసిటెన్స్ మారుతుంది. కార్లలో గుద్దుకున్న క్షణాన ఎయిర్‌బ్యాగ్ విప్పడానికి విస్తృతంగా వాడిన సాధనమే ఆటలోకి వచ్చింది.

పిట్ట గురి తప్పింది. పిల్ల మళ్లీ లాగింది. ఎందుకు?

1998లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి పరిశోధకులు ఎనిమిది మందిని ట్యాంకు ఆట ఆడిస్తూ పెట్ స్కానర్‌తో మెదడును పరిశీలించి, స్ట్రయాటమ్ అనే భాగంలో డోపమిన్ విడుదల పెరిగిందని నేచర్ పత్రికలో ప్రకటించారు. డోపమిన్ అనగానే ఆనంద రసాయనం అనేస్తారు. అది పొరపాటు మాట. స్విట్జర్లండ్‌లో వోల్ఫ్‌రమ్ షుల్ట్‌జ్ కోతులతో చేసిన ప్రయోగాలు అసలు సంగతి చెప్పాయి. అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికితే డోపమిన్ కణాలు చురుగ్గా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక రసానికి స్పందన ఆగిపోయింది, దీపానికి మొదలైంది. దీపం వెలిగి రసం రాకపోతే, రావాల్సిన సమయానికి కణాల చురుకు మామూలు కన్నా పడిపోయింది. అంటే ఆ కణాలు చెప్పేది సుఖాన్ని కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాను. నేర్చుకోవడానికి కావలసింది సరిగ్గా అదే తేడా.

ఉండేలు ఆటలో ప్రతి లాగుడూ ఒక అంచనా. మూడు సెకన్లలో ఫలితం. తప్పితే ఎంత తప్పిందో కళ్ల ముందే కనబడుతుంది, ముందు విసురు దారి చుక్కలుగా మిగిలే ఉంటుంది. కొంచెం కింద, కొంచెం ఎక్కువ లాగాలి. చెయ్యి ఇలా నేర్చుకుంటుంటే మనసు కదలకపోతేనే ఆశ్చర్యం. అందుకే ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. తప్పుకు కారణం ఆడేవాడు కనిపెట్టగలిగే ఆటలు ఒకరకం. డబ్బు పెట్టి మూసిన పెట్టె కొనుక్కుని, లోపల ఏం వస్తుందో అదృష్టానికి వదిలేసే ఆటలు ఇంకొకరకం. రెండోదాంట్లోనూ అవే డోపమిన్ కణాలు పనిచేస్తాయి, కానీ ఎన్నిసార్లు ఆడినా నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. డబ్బుతో కొనే అలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని 2018లో బెల్జియం తేల్చింది. ఇంట్లో పిల్లలకు ఆట ఎంచేటప్పుడు నేను చూసేది ఈ ఒక్క గీతనే. మరీ చిన్నపిల్లల సంగతి వేరు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఎంత తక్కువైతే అంత మంచిదని కూడా.

ఇన్ని చేసిన గాజు ఇంకా చేయలేనిది ఒకటుంది. అది వేలిని తెలుసుకుంటుంది గానీ వేలికి తిరిగి ఏమీ చెప్పదు. రాయి, చెక్క, మంచు అన్నీ ఒకే నునుపు. లోపలి మోటారు గుర్రుమనడం తప్ప చేతికి తెలిసేది లేదు.

దీనికీ ఒక దారి పాతకాలంలోనే కనబడింది. అమెరికాలో ఎడ్వర్డ్ మాలింక్రాట్ ఒకసారి ఇత్తడి దీపపు హోల్డరును వేలితో రాస్తూ, దీపం వెలుగుతున్నప్పుడు దాని ఉపరితలం వేరుగా తగులుతోందని గమనించాడు. 1953లో సహచరులతో కలిసి దాని కారణం ప్రకటించాడు. లోహం మీద పల్చటి విద్యుద్బంధక పొర ఉండి, లోపల వోల్టేజీ మారుతూ ఉంటే, జారుతున్న వేలి చర్మాన్ని అది పట్టి వదులుతూ ఉంటుంది. వేలికి అది రాపిడిలా తగులుతుంది. 2010లో, ఐప్యాడ్ వచ్చిన ఏడాదే, పిట్స్‌బర్గ్‌లోని డిస్నీ పరిశోధన కేంద్రంలో ఇవాన్ పూపిరెవ్ బృందం దీన్ని టచ్ స్క్రీన్ మీదికి తెచ్చింది. వోల్టేజీ మార్పు వేగాన్నీ తీవ్రతనూ బట్టి అదే గాజు ఒకచోట గరుకుగా, ఒకచోట నునుపుగా తగిలింది. చిక్కల్లా ఏమిటంటే, ఈ స్పర్శ వేలు కదులుతున్నంతసేపే ఉంటుంది, ఆగితే పోతుంది. పొడి వేలికి ఒకలా, చెమట పట్టిన వేలికి ఇంకోలా తెలుస్తుంది. అందరి వేళ్లకూ ఒకేలా తగిలే గాజు తయారుచేయడం మీద ఇంజనీర్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు.